బల్లెం సిపాయి హెలికాప్టర్ ఎక్కిన వైనం

రాజ్యాల్నీ సైన్యాల్నీ మనమే నడిపించే కంప్యూటర్ ఆటలు, అంటే స్ట్రాటజీ గేముల్లో చరిత్ర తప్పులు పట్టడం పెద్ద పనేం కాదు. ‘సివిలైజేషన్ 5’ తెరిస్తే క్రీస్తుపూర్వం 4000లోనే జార్జ్ వాషింగ్టన్ చక్కగా కోటు తొడుక్కుని కూర్చుని ఉంటాడు. పక్క లోయలో నెపోలియన్ తన మొదటి ఊరికి పునాది వేస్తుంటాడు. ఇవి కావాలని చేసిన చమత్కారాలు, వీటిని ఎవరూ తప్పని అనరు. అసలు తమాషా అంతా రూల్స్‌లో ఉంది. ఏ యూనిట్‌కి (సిపాయో, ఓడో, యంత్రమో) ఎంత ఖర్చు, తయారవడానికి ఎంత సేపు, ఎంత దూరం నడుస్తుంది, ఏది దేన్ని ఓడిస్తుంది అనే అంకెలన్నీ ఆట సరదాగా సాగడానికి ఎవరో కూర్చుని పెట్టినవి. వాటిని నిజమని నమ్మి, ఆ లెక్కల ప్రకారమే చరిత్ర రాయబోతే మాత్రం ఒక వింత లోకం తయారవుతుంది. అక్కడ రాజులు చావరు, గొర్రెలు పార్టీ ఫిరాయిస్తాయి, సైన్యానికి ఆకలి వేయదు.

ముందు కాలం సంగతి చూద్దాం. సివిలైజేషన్ 5లో మామూలు వేగంతో ఆడితే ఆట మొత్తం 500 టర్నులు, అంటే వంతులు. మొదటి 75 టర్నుల్లో ఒక్కో టర్నుకి 40 ఏళ్లు గడుస్తాయి. గద పట్టిన వారియర్ ఒక టర్నులో రెండు గళ్లు నడుస్తాడు, అడవో కొండో అడ్డొస్తే ఒకటే. ఊరి అవతల ఏముందో చూసి రమ్మని వాణ్ణి పంపితే వెళ్లడానికి నలభై ఏళ్లు, తిరిగి రావడానికి ఇంకో నలభై. ఇంత జరిగినా వెళ్లినవాడు వెళ్లినట్టే కుర్రాడిగా తిరిగొస్తాడు, పంపిన రాజు అదే సింహాసనం మీద అదే చిరునవ్వుతో ఎదురుచూస్తుంటాడు.

పిరమిడ్లు కట్టడానికి పదిహేను టర్నులు పట్టిందనుకుందాం. అంటే 600 ఏళ్లు. గిజాలోని పెద్ద పిరమిడ్‌కి ఇరవై ఏళ్లు పట్టిందని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు, దాన్ని కట్టించిన ఖుఫు పాలనాకాలంతో పోల్చినా అది మరీ కాని లెక్కేం కాదు. గేములో మాత్రం ఆరు శతాబ్దాలు తరతరాలుగా రాళ్లు లాగాక, ఇంకో టర్నులో పని అయిపోతుందనగా ఒక కబురు వస్తుంది: వేరే దేశం వాళ్లు ఎక్కడో పిరమిడ్లు పూర్తి చేసేశారట. ఆ దేశం ఎక్కడుందో, ఎవరిదో మనకి తెలియకపోవచ్చు. అయినా సరే, ప్రపంచానికి ఒక్క పిరమిడ్ల సెట్టే అని రూలు. మన దగ్గర అప్పటిదాకా లేచిన కట్టడం మాయమైపోయి కొంత బంగారం చేతికొస్తుంది. ఆరు వందల ఏళ్ల శ్రమకి అది నష్టపరిహారం. ఎవరిచ్చారో అడగకూడదు.

అలెగ్జాండర్‌ని ఈ క్యాలెండర్‌లో పెడితే ఇంకా బాగుంటుంది. ఆయన క్రీస్తుపూర్వం 334లో ఆసియాలో అడుగుపెట్టి 326కల్లా బియాస్ నది ఒడ్డుకి చేరాడు. ఆ కాలానికి గేములో టర్నుకి 25 ఏళ్లు. అంటే పర్షియా సామ్రాజ్యాన్ని కూలదోసిన ఆ దండయాత్ర మొత్తం టర్నులో మూడో వంతు కూడా కాదు. ఆ వ్యవధిలో గేము సైనికుడు ఒక గడి కూడా దాటలేడు. సరే, ఆట చివర్లో ఏమవుతుంది? ఆఖరి 60 టర్నుల్లో ఒక్కోదానికి ఆరు నెలలే. అప్పటి పదాతి సైనికుడు కూడా టర్నుకి రెండే గళ్లు నడుస్తాడు. నలభై ఏళ్లలో నడిచిన దూరాన్ని ఇప్పుడు ఆరు నెలల్లో నడుస్తున్నాడు, అంటే మనిషి నడక 80 రెట్లు పెరిగింది. కొత్తగా బూట్లు కనిపెట్టిన దాఖలా కూడా లేదు.

దీనికి కారణం చిన్నదే. గేములో సంవత్సరం అనేది టర్ను మీద అంటించిన చీటీ మాత్రమే. తిండి, నడక, కట్టడం, యుద్ధం, వీటిలో ఏ రూలూ ఆ చీటీ వంక చూడదు. తొలి యుగాల్లో మార్పులు నెమ్మదిగా వచ్చాయి కాబట్టి అక్కడ కాలం త్వరగా దొర్లాలి, ఆధునిక యుగంలో ఏటా ఏదో ఒకటి జరుగుతుంది కాబట్టి అక్కడ నిదానంగా నడవాలి. డిజైనర్ ఆలోచన సబబుగానే ఉంది. కాకపోతే కాలాన్ని సాగదీసినప్పుడు కాళ్లని మర్చిపోయారు.

ఇదే గేములో అప్‌గ్రేడ్ అనే సదుపాయం ఒకటుంది. పాత యూనిట్‌కి డబ్బు కడితే కొత్త యూనిట్ అవుతుంది. కంచు యుగంలో తయారైన బల్లెం సిపాయి మధ్యయుగంలో పొడవాటి ఈటె పట్టిన పైక్‌మన్ అవుతాడు. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఆ కాలి సిపాయే గుర్రమెక్కి లాన్సర్ అవుతాడు. ఇంకొంత డబ్బు పెడితే గుర్రం దిగి ట్యాంకుల్ని పేల్చే ఫిరంగి వెనక నిలబడతాడు. ఇంకొంచెం ఖర్చు పెడితే హెలికాప్టర్ నడుపుతాడు. మధ్యలో శిక్షణ లేదు, ఫ్లయింగ్ స్కూలు లేదు, ఖజానాలోంచి బంగారం పోవడమే శిక్షణ. విలుకాడి ప్రమోషన్ కూడా ఇలాగే గ్యాట్లింగ్ గన్, మెషిన్ గన్ మీదుగా వెళ్లి చివరికి భుజం మీంచి పేల్చే బజూకా దగ్గర ఆగుతుంది. పైగా వాడు క్రీస్తుపూర్వం సంపాదించుకున్న యుద్ధానుభవం వాడితోనే ఉంటుంది. ఆరువేల ఏళ్ల సర్వీసున్న ఉద్యోగి ఏ సైన్యంలోనైనా బహుశా వాడొక్కడే.

డబ్బు కట్టని దేశం సంగతి వేరు, అది పాత సిపాయిలతోనే ఉండిపోతుంది. దానికి 1991లో వచ్చిన మొదటి సివిలైజేషన్ ఒక అమరగాథనే మిగిల్చింది: ఫాలంక్స్ చేతిలో మునిగిన యుద్ధనౌక. ఫాలంక్స్ అంటే డాళ్లు, ఈటెలు పట్టుకుని గుంపుగా నిలబడే ప్రాచీన గ్రీకు పదాతి దళం. గేములో దాని రక్షణ బలం 2, యుద్ధనౌక దాడి బలం 18. ఆ గేములో పోరాటమంతా బలాల నిష్పత్తి మీద ఒక్కసారి పాచిక వేయడమే. గెలిచినవాడికి గీత కూడా పడదు, ఓడినవాడు మొత్తంగా పోతాడు. 18కి 2 అంటే ఏ అదనపు బలమూ లేకుండానే సుమారు పదింట ఒకసారి ఫాలంక్స్ గెలవాలి. కొండ మీద ఉండి, కందకం తవ్వుకుని ఉంటే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. ఇరవయ్యో శతాబ్దపు ఉక్కు నౌకని ఒడ్డున నిలబడ్డ ఈటెలవాళ్లు ఎలా ముంచారో గేము చెప్పదు. ఈదుకుంటూ వెళ్లి అడుగున పొడిచారనుకోవాలి. 1996లో వచ్చిన రెండో భాగంలో హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలకి తట్టుకుంటుంది), ఫైర్‌పవర్ (ఒక్కో దెబ్బ ఎంత గట్టిది) చేర్చి ఈ పరువు తక్కువ వ్యవహారాన్ని చాలావరకు సరిదిద్దారు.

అయితే ఈటెలు తుపాకుల మీద గెలవడం అసంభవమేమీ కాదు. 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానా దగ్గర సుమారు ఇరవై వేలమంది జులూ యోధులు, ఎక్కువమంది ఈటెలతోనే వచ్చి, మార్టినీ హెన్రీ రైఫిళ్లున్న బ్రిటిష్ శిబిరాన్ని తుడిచిపెట్టారు. బ్రిటిష్ పక్షాన 1,300 మందికి పైగా చనిపోయారు. తేడా ఎక్కడంటే, అక్కడ గెలుపుకి కారణాలున్నాయి: సంఖ్యాబలం, కొమ్ముల్లా రెండు వైపుల నుంచీ చుట్టుముట్టే వ్యూహం, శిబిరాన్ని రెండుగా చీల్చి సగం దళంతో వెళ్లిపోయిన బ్రిటిష్ సేనాని, శత్రువుని తేలిగ్గా తీసుకోవడం. పాచికకి ఇవేవీ అక్కర్లేదు. గేము మీద ఫిర్యాదు ఫలితం గురించి కాదు, వివరణ లేకపోవడం గురించి.

సివిలైజేషన్ పేరెత్తితే అణుబాంబుల గాంధీ ప్రస్తావన రాక మానదు. అందరూ చెప్పుకునే కథ ఇది. మొదటి గేములో గాంధీ దూకుడు అంకె 1. ఆయన ప్రజాస్వామ్యంలోకి మారగానే ఆ అంకెలోంచి 2 తగ్గుతుంది. సున్నా కిందికి పోలేని ఆ అంకె గిర్రున తిరిగి తన గరిష్ఠమైన 255 అవుతుంది. దాంతో శాంతిదూత కాస్తా అణుయుద్ధ వీరుడైపోతాడు. కథ ఎంత బాగుందంటే ప్రోగ్రామింగ్ పాఠాల్లో కూడా చెప్పేవాళ్లున్నారు. కానీ అలాంటి బగ్, అంటే ప్రోగ్రాం లోపం, ఎన్నడూ లేదని గేము సృష్టికర్త సిడ్ మెయర్ 2020లో వచ్చిన తన ఆత్మకథలో తేల్చేశాడు. నిజంగా గాంధీకి అణుపిచ్చి పట్టింది 2010 నాటి ఐదో భాగంలో. డిజైనర్ జాన్ షేఫర్ సరదాకి గాంధీ అణుబాంబు ఇష్టాన్ని పదికి 12గా పెట్టాడు. చరిత్రని వక్రీకరించిన గేముకే ఒక వక్రీకరించిన చరిత్ర తగులుకుంది. తగిన శాస్తే.

వింతల సాంద్రత చూసుకుంటే మాత్రం 1999 నాటి ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ని మించింది లేదు. ఇందులో మనుషులు టౌన్ సెంటర్ అనే కట్టడంలోంచి పుడతారు. 50 యూనిట్ల ఆహారం, 25 సెకన్లు. పెరిగిన వయసులో, పనిముట్టుతో బయటికొస్తారు. బాల్యం లేదు, ముసలితనం లేదు, పెళ్లి ఊసే లేదు. ఇల్లు కడితేనే మనిషి పుడతాడు, ఇంటికి ఐదుగురు. జనాభా పెరిగి ఇళ్లు కట్టుకోవడం కాదు, ఇల్లుందని జనాభా పుట్టడం. ‘చీకటి యుగం’ నుంచి ‘ఫ్యూడల్ యుగం’లోకి మారాలంటే 500 ఆహారం కట్టి 130 సెకన్లు ఆగాలి. ఆ పరిశోధన కూడా టౌన్ సెంటర్‌లోనే జరుగుతుంది కాబట్టి ఒక్కటే టౌన్ సెంటర్ ఉన్న రాజ్యంలో ఆ రెండు నిమిషాల పది సెకన్లు కొత్త గ్రామస్థుడు పుట్టడు. నాగరికత ముందుకి అడుగు వేస్తోంది, కాన్పులు కాసేపు ఆపండి అన్నట్టుంటుంది.

వ్యవసాయం ఇంకో ముచ్చట. పొలం వేయడానికి విత్తనాలు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, 60 యూనిట్ల కలప చాలు. దాని నుంచి 175 ఆహారం వస్తుంది, ఆ తర్వాత పొలం ఎండిపోతుంది. మళ్లీ 60 కలప పోస్తే మళ్లీ పండుతుంది. కలపని ఆహారంగా మార్చే ఈ రాజ్యంలో కరువు రావాలంటే వాన తప్పితే చాలదు, అడవి తగ్గాలి. గొర్రెల సంగతి మరీ విచిత్రం. మ్యాప్‌లో తిరిగే గొర్రె మొదట చూసినవాడి సొంతమవుతుంది. కాపలా లేకుండా వదిలేస్తే, పక్క రాజ్యం వాడు దగ్గరికి రాగానే రంగు మార్చుకుని (ఈ గేములో ఒక్కో రాజ్యానికి ఒక్కో రంగు) వాడితో వెళ్లిపోతుంది. తాడు కట్టనక్కర్లేదు, అరవనక్కర్లేదు. దాని విధేయత అంతా చూపు మీదే.

ఆ గొర్రెలో 100 ఆహారం ఉంటుంది. ఒక నైట్, అంటే కవచం తొడిగిన గుర్రపు రౌతు, తయారీకి 60 ఆహారం, 75 బంగారం. అంటే గొర్రెలో సగానికి కాస్త ఎక్కువ మాంసంతో ఒక మనిషీ గుర్రమూ తయారవుతారు. ఆ తర్వాత ఆ జంట ఆట ముగిసేదాకా మెతుకు ముట్టదు. ఈ ఒక్క రూలు చరిత్రలో ఎన్ని యుద్ధాల్ని తలకిందులు చేస్తుందో ఊహించండి. పని చేసే గుర్రానికి రోజుకి దాదాపు పది కిలోల గడ్డీ గింజలూ కావాలి. 1812లో నెపోలియన్ రష్యా మీదికి తీసుకెళ్లిన సైన్యం బండ్లతో, పశువులతో, నెలల తరబడి చేసిన ఏర్పాట్లతో బయల్దేరింది. అయినా చలికాలం రాకముందే ఆకలి, రోగాలు, పారిపోవడాలతో భారీగా తరిగిపోయింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రూల్స్ ప్రకారమైతే బయల్దేరేముందు ఒక పూట వడ్డించి ఉంటే మాస్కో దాకా వెళ్లి క్షేమంగా తిరిగొచ్చేవాళ్లు. మంచు సంగతంటారా, ఈ గేములో మంచు కేవలం నేల రంగు.

గాయాల గురించి కూడా ఒక మాట. నైట్‌కి 100 ప్రాణం ఉంటే 99 పోయి ఒక్కటి మిగిలినా వాడి కత్తి దెబ్బలో తేడా రాదు. వేగం తగ్గదు, గుర్రం కుంటదు. ఆ ఆఖరి ఒక్కటీ పోగానే ఠక్కున పడిపోతాడు. లూమ్ అనే మగ్గం టెక్నాలజీ ఒకటుంది. 50 బంగారం కట్టి దాన్ని పరిశోధిస్తే రాజ్యంలో గ్రామస్థులందరి ప్రాణం 25 నుంచి 40కి పెరుగుతుంది. మంచి నేత బట్ట కట్టుకున్నవాణ్ణి తోడేలు అంత సులువుగా కొరకలేదన్నమాట. ఎక్కడో అడవిలో చెట్టు కొడుతున్నవాడికి కూడా అదే క్షణంలో ఒంటి మీద కొత్త బట్ట వచ్చి పడుతుంది.

ఇక సన్యాసులు. తెల్లగడ్డం, చేతికర్ర, నోట్లో ఏదో మంత్రం. కొన్ని సెకన్లు చెయ్యి ఊపితే ఎదురుగా దూసుకొస్తున్న యుద్ధ ఏనుగు బట్టల రంగు మారిపోతుంది, అది మన ఏనుగైపోతుంది. మావటికి నచ్చజెప్పారా, ఏనుగుకా అనేది తేలని విషయం. ‘రిడెంప్షన్’ పరిశోధించాక రాళ్లు విసిరే యంత్రాలనీ, చాలా రకాల భవనాలనీ కూడా మతం మార్చొచ్చు. శత్రువు గుర్రాలశాలకి జ్ఞానోదయం అయ్యి మన పక్షాన గుర్రాలు తయారు చేయడం మొదలుపెడుతుంది. ‘బ్లాక్ ప్రింటింగ్’ అనే అచ్చు విద్య నేర్చుకుంటే సన్యాసి మంత్రం మూడు గళ్లు ఎక్కువ దూరం పారుతుంది. పుస్తకాలు అచ్చయితే మాట దూరం వెళ్తుందనే చారిత్రక సత్యాన్ని ఇంత అక్షరాలా ఎవరూ తీసుకుని ఉండరు. దీనికి విరుగుడు ‘హెరెసీ’. అది పరిశోధించిన రాజ్యంలో సైనికుడు మతం మారాల్సిన క్షణం రాగానే మారడానికి బదులు అక్కడికక్కడే చచ్చిపోతాడు. నవ్వుతూనే ఒళ్లు జలదరించే రూలు ఇది.

ఏనుగుల ప్రస్తావన వచ్చింది కాబట్టి రవాణా సంగతి కూడా. అన్ని హంగులూ చేర్చిన రవాణా ఓడలో 20 యూనిట్లు పడతాయి. 20 మంది విలుకాళ్లు పట్టినచోట 20 ఏనుగులూ పడతాయి. కోటలోనూ అంతే. ఆ కోటని ఒక్క గ్రామస్థుడు సుత్తి పట్టుకుని 650 రాళ్లతో 200 సెకన్లలో కట్టేస్తాడు. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌లో కార్నార్వన్ కోటని 1283లో మొదలుపెడితే 1330 ప్రాంతానికి పని ఆగింది, అప్పటికీ కొన్ని భాగాలు అసంపూర్ణమే. ఇన్ని కూలీలు, ఇన్ని బండ్లు, ఇన్ని బకాయిలు. పాపం ఆయనకి ఆ గ్రామస్థుడు దొరకలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గేముల్లో విడ్డూరంగా కనిపించినదల్లా అబద్ధం కాదు, సహజంగా కనిపించినదల్లా నిజమూ కాదు. 2004 నాటి ‘రోమ్: టోటల్ వార్’లో నిప్పంటించిన పందుల్ని శత్రువుల మీదికి తోలే యూనిట్ ఉంది. చూడగానే ఇదేం పిచ్చి అనిపిస్తుంది. కానీ మెగారా నగరాన్ని ముట్టడించిన మాసిడోనియా రాజు ఏనుగుల్ని ఆ ఊరివాళ్లు సరిగ్గా ఇలాగే బెదరగొట్టారని ప్రాచీన రచయితలు రాసిపెట్టారు. అదే గేములో ఈజిప్టు సైన్యం మాత్రం రథాలు, ఫారో తలపాగాలతో ఎంతో నమ్మదగ్గట్టు కనిపిస్తుంది. ఆట మొదలయ్యేది క్రీస్తుపూర్వం 270లో. అప్పుడు ఈజిప్టుని ఏలుతున్నది టాలమీలు, అంటే మాసిడోనియా గ్రీకులు, వాళ్ల సైన్యం పొడవాటి ఈటెల ఫాలంక్స్. ఆ రథాల వేషం అప్పటికే వెయ్యేళ్ల పాతది. సీజర్ కాలానికి సుమారు రెండు శతాబ్దాల ముందు నాటి కథలో తూతన్‌ఖామెన్ సైన్యాన్ని దించినట్టు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో అజ్టెక్కులు పెద్ద పెద్ద రాళ్లు విసిరే ట్రెబుషే యంత్రాలతో కోటలు కూల్చడం కూడా ఇలాంటిదే. వాళ్లకి అలాంటి యంత్రాలు లేవు. అయితే 1521లో వాళ్ల రాజధాని టెనోచ్‌టిట్లాన్ ముట్టడిలో ఒకటి నిజంగానే తయారైంది, కట్టింది మాత్రం స్పానిష్ వాళ్లు. తుపాకి మందు అయిపోవస్తోందని స్పానిష్ సేనాని కొర్టేస్ మనుషులు దాన్ని కట్టారు. మొదటి రాయి నిట్టనిలువుగా పైకి లేచి, తిరిగొచ్చి ఆ యంత్రం ఉన్నచోటే పడిందని ఆ దండులోనే ఉన్న బెర్నాల్ దియాస్ చెప్పాడు. ఏ గేము డిజైనరూ ఇలాంటి ఫలితాన్ని రూల్స్‌లో పెట్టడు. ప్లేయర్లు ఊరుకోరు.

మధ్యయుగ రాజవంశాల్ని నడిపించే ‘క్రూసేడర్ కింగ్స్ 2’లో రాజుకి పిచ్చి పట్టినప్పుడు గ్లిటర్‌హూఫ్ అనే గుర్రాన్ని ఛాన్సలర్‌గా, అంటే దౌత్యం చూసే మంత్రిగా, నియమించే వీలుంది. దౌత్యం కూడా బాగానే వెలగబెడుతుంది. దీని పూర్వీకుడు రోమ్‌లో ఉన్నాడు, కలిగులా చక్రవర్తి తన గుర్రం ఇన్కిటాటస్‌కి కాన్సుల్ అనే అత్యున్నత పదవి ఇవ్వాలనుకున్నాడని చెప్పుకునేవారు. ఈ గేములో అంతకన్నా వింత ఏమిటంటే పెళ్లిళ్లు. ఆడేవాళ్లు సంబంధాలు చూసేటప్పుడు ‘మేధావి’ అనే లక్షణం ఉందా లేదా అని చూసి, దాన్ని తరతరాలుగా నిలుపుకోవడానికి చుట్టాల్లోనే తిప్పి తిప్పి పెళ్లిళ్లు చేస్తారు. నిజం హాబ్స్‌బర్గులు (స్పెయిన్‌నీ ఏలిన యూరప్ రాజవంశం) కూడా చుట్టరికాల్లోనే చేసుకున్నారు, వాళ్లకి దక్కింది 1700లో వారసుడు లేకుండా పోయిన రెండో చార్లెస్, ఆ వెంటనే స్పెయిన్ సింహాసనం కోసం యూరప్ మొత్తం పదమూడేళ్ల యుద్ధం.

‘యూరోపా యూనివర్సాలిస్ 4’ ఇంకో దారి పట్టింది. 1444 నవంబర్ 11న, ఆటోమన్ తురుష్కులు క్రైస్తవ సైన్యాన్ని ఓడించిన వార్నా యుద్ధం ముగిసిన మర్నాడు, ఆట మొదలవుతుంది. రాజుకి పరిపాలన, దౌత్యం, సైన్యం అని మూడు రకాల పాయింట్లు నెలనెలా జమవుతాయి. తిరుగుబాటుదారుల్ని కఠినంగా అణచడానికి సైనిక పాయింట్లు కావాలి, కొత్త ఆయుధాల టెక్నాలజీకీ అవే పాయింట్లు. కాబట్టి ఏదో మూల రైతుల్ని అణచినందుకు దేశంలో కొత్త తుపాకి రావడం మూడేళ్లు ఆలస్యమవుతుంది. ఇక తోకచుక్క. ‘తోకచుక్క కనిపించింది’ అని ఒక ప్రకటన వస్తుంది, దేశ స్థిరత్వం ఒక పాయింటు పడిపోతుంది. కింద నొక్కడానికి నాలుగైదు జవాబులుంటాయి. ఏది నొక్కినా జరిగేది ఒక్కటే. వాటిలో ఒకదాన్ని మూర్ఖులారా, ఆర్థిక వ్యవస్థ సంగతి చూడండి అనే ధోరణిలో పెట్టారు. ప్రభుత్వాలు నడిచే తీరుకి ఈ గేములో ఇంతకన్నా వాస్తవికమైన చిత్రణ లేదేమో.

అయితే పైన చెప్పినవన్నీ పైకి కనిపించే వింతలు. ఏనుగు మతం మారితే ఎవరైనా నవ్వుతారు. అంతకన్నా పెద్ద అసంబద్ధతని చూసి ఎవరూ నవ్వరు, ఎందుకంటే అది కనిపించనే కనిపించదు. అది మౌస్ క్లిక్. ప్లేయర్ ఆకాశంలోంచి యుద్ధరంగం అంతా చూస్తాడు. యూనిట్ మీద క్లిక్ చేసి ఇంకో చోట క్లిక్ చేస్తాడు. ఆజ్ఞ ఆ క్షణమే చేరుతుంది, ఆ క్షణమే అర్థమవుతుంది, ఆ క్షణమే అమలవుతుంది. చరిత్రలో ఏ సేనానికీ ఈ మూడూ ఒకేసారి దొరకలేదు.

క్రిమియా యుద్ధంలో, 1854 అక్టోబర్ 25న బాలక్లావాలో బ్రిటిష్ సేనాని లార్డ్ రాగ్లన్ అచ్చం ప్లేయర్ కూర్చునే చోటే ఉన్నాడు. ఎత్తైన గుట్ట మీద నుంచి లోయంతా మ్యాప్‌లా కనిపిస్తోంది. రష్యన్లు ఒక పక్క గుట్టల మీది ఫిరంగుల్ని లాక్కుపోతుండడం చూసి, వాటిని ఆపమని చీటీ రాసి గుర్రం మీద కెప్టెన్ నోలన్‌తో పంపాడు. కింద లోయలో ఉన్న అశ్వదళ నాయకుడు లార్డ్ లూకన్‌కి ఆ ఫిరంగులు కనిపించవు. ఏ ఫిరంగులు అని అడిగితే నోలన్ చెయ్యి ఊపి అటు చూపించాడు. ఆ ‘అటు’ లోయ చివరన ఉన్న వేరే ఫిరంగుల బారు. సుమారు 670 మంది రౌతులు మూడు వైపుల నుంచి కాల్పులు ఎదుర్కొంటూ దాని మీదికి వెళ్లారు. గేములో అయితే రాగ్లన్ సరైన ఫిరంగి మీద రైట్ క్లిక్ చేసేవాడు, విషయం అక్కడితో అయిపోయేది. 1815 జనవరి 8న న్యూ ఆర్లియన్స్‌లో బ్రిటిష్, అమెరికన్ సైన్యాలు భీకరంగా పోరాడాయి. అప్పటికి రెండు వారాల క్రితమే, డిసెంబర్ 24న, ఘెంట్‌లో సంధి పత్రం మీద సంతకాలైపోయాయి. ఆ కబురు తెచ్చే ఓడ ఇంకా సముద్రం దాటలేదు. గేముల్లో సంధి బటన్ నొక్కగానే గాల్లో ఉన్న బాణం కూడా ఆగిపోతుంది.

ఈ లోపం తెలియక జరిగింది కాదు. 1824లో ప్రష్యా అధికారి రైస్విట్జ్ తయారు చేసిన క్రీగ్‌ష్పీల్ అనే యుద్ధ క్రీడలో దీనికి ఏర్పాటుంది. రెండు పక్షాల మధ్య ఒక అంపైర్ ఉంటాడు. ఆడేవాళ్లు ఆజ్ఞలు కాగితం మీద రాసిస్తారు, కబురు చేరడానికి పట్టే సమయాన్ని అంపైర్ లెక్కేస్తాడు. ఎవరికి ఏది కనిపిస్తుందో అదే బల్ల మీద పెడతాడు. రెండు వందల ఏళ్ల క్రితం చిన్న చిన్న దిమ్మెలతో, పాచికలతో సాధించినదాన్ని ఇంత కంప్యూటర్ బలం ఉన్న గేములు వదిలేశాయి. కొంతవరకు ‘ఫాగ్ ఆఫ్ వార్’ పేరుతో శత్రువుని దాచారు గానీ మన సైన్యాన్ని మన నుంచి దాచే ధైర్యం చాలామంది చేయలేదు. కారణం ఊహించలేనిదేం కాదు. చీటీ రాసి, అది చేరిందో లేదో తెలియక ఇరవై నిమిషాలు టెన్షన్‌తో కూర్చోవడానికి ఎవరూ డబ్బు పెట్టి గేము కొనరు. ప్రష్యా అధికారులకి అది ఉద్యోగం.

ఆజ్ఞ చేరడం ఒక ఎత్తు, వినడం ఇంకో ఎత్తు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో జనాభా హద్దు 200. ఆట చివర్లో సైన్యానికి చోటు కావాలనుకున్న ప్లేయర్ తన రైతుల్నే ఎంచుకుని డిలీట్ నొక్కుతాడు. వాళ్లు పొలం మధ్యలో ఉన్నపళాన పడిపోతారు. మిగతా రైతులు తలెత్తి చూడరు. ఏ రాజుకీ, ఎంతటి నియంతకీ ఇంతటి విధేయత దొరకలేదు. ఇందాక టర్నులో మూడో వంతులో బియాస్ ఒడ్డుకి చేరిన అలెగ్జాండర్ అక్కడ ఆగింది శత్రువు వల్ల కాదు. ఎనిమిదేళ్లు నడిచిన సైనికులు ఇక ముందుకి రామని మొండికేశారు, ఆయన మూడు రోజులు గుడారంలో అలిగి కూర్చుని చివరికి వెనక్కి తిరగాల్సి వచ్చింది. ప్రపంచం మొత్తం గెలవాలని ఉన్న ప్లేయర్‌కి ఈ సమస్య రాదు. యూరోపా యూనివర్సాలిస్‌లో చిన్న ర్యుక్యు దీవుల రాజ్యంతో భూగోళాన్నంతా జయించడానికి ఒక అచీవ్‌మెంటే (గేము ఇచ్చే బిరుదు) ఉంది, జయించినవాళ్లూ ఉన్నారు.

గేము యూనిట్‌లా ప్రవర్తించిన నిజం సైనికుడు ఒకడు దొరుకుతాడు. సివిలైజేషన్‌లో ఏదో మూల కొండ మీద ఒక యూనిట్‌ని ‘ఫోర్టిఫై’ చేసి, అంటే ఉన్నచోటే కాపలా పెట్టి, వదిలేస్తే, మళ్లీ పిలిచేదాకా శతాబ్దాలైనా అక్కడే నిలబడి ఉంటుంది. జపాన్ సైన్యపు లెఫ్టినెంట్ హిరో ఒనోదాని 1944 చివర్లో ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ దీవికి పంపారు. మర్నాడే యుద్ధం ముగిసిందా అంటే లేదు గానీ, ముగిశాక కూడా ఆయన దిగిరాలేదు. కరపత్రాలు వేశారు, మైకుల్లో పిలిచారు, అన్నీ శత్రువు ఎత్తుగడలనే అనుకున్నాడు. 1974 మార్చిలో, అప్పటికి పుస్తకాల వ్యాపారంలో ఉన్న ఆయన పాత కమాండర్ తనిగుచి స్వయంగా ఆ దీవికి వెళ్లి విధుల నుంచి తప్పిస్తున్నట్టు ఆజ్ఞ చదివి వినిపించాక గానీ ఒనోదా తుపాకి అప్పగించలేదు. సివిలైజేషన్ 5 క్యాలెండర్ ప్రకారం ఆ కాలంలో టర్నుకి ఒక ఏడాది, అంటే దాదాపు ముప్పై టర్నులు.